కొత్త బ్యాటరీ వేసి ఎనిమిది నెలలే, మళ్లీ సెల్ఫ్ లాగడం లేదు

ఆదివారం_సవారీ

అందరికీ నమస్కారం. బండి కొని ఆరేళ్లయింది. కంపెనీ నుంచి వచ్చిన బ్యాటరీ నాలుగున్నరేళ్లు ఏ ఇబ్బందీ పెట్టకుండా నడిచింది. తర్వాత వేసింది పది నెలలకే పోయింది. ఇప్పుడున్నది మూడోది, దీనికి ఎనిమిది నెలలు.

వారానికి ఒక్కరోజే బండి తీస్తాను. సెల్ఫ్ నొక్కగానే సీటు కింద టక్ టక్ టక్ అని కొట్టుకుంటుంది, మీటరు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది, గడియారం మొదటికి వచ్చేస్తుంది. కిక్ లేదు. రెండో గేరులో వేసి తోస్తే స్టార్ట్ అవుతుంది, ఇక ఆ రోజంతా సెల్ఫ్ మామూలుగానే పడుతుంది. మళ్లీ వారం తిరిగేసరికి ఇదే కథ.

మెకానిక్ బ్యాటరీ మార్చేయమంటున్నారు. పాతదాని మీద వైటీఎక్స్9-బీఎస్ అని ఉంది, 12 వోల్టులు, సామర్థ్యం 8 ఆంపియర్ అవర్. నాలుగోసారి కొనేముందు అడుగుదామని వచ్చాను. ఏ బ్రాండ్ అయితే ఎక్కువకాలం వస్తుంది?

కొలిచిచూడు

బ్రాండ్ సంగతి చివర చూద్దామండీ. రెండు బ్యాటరీలు వరసగా ఏడాది నిండకుండా పోయాయంటే తప్పు వాటిది కాకపోవచ్చు. ముందు మల్టీమీటర్ సంపాదించండి, మామూలుది చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి మూడు సందర్భాల్లో చూడండి.

ఒకటి, బండి రాత్రంతా ఆగి ఉన్నాక, తాళం తిప్పకముందు. మీది ఏజీఎం రకం, అంటే నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ బ్యాటరీ, నిండుగా ఉంటే 12.8 దగ్గర చూపాలి. 12.5 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు మిగిలినట్టు. చూడ్డానికి 12 వోల్టుల బ్యాటరీలో 12 వోల్టులు ఉన్నాయి కదా అనిపిస్తుంది, చాలామంది పొరబడేది అక్కడే. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి దాదాపు 2.1 వోల్టులు. అందుకే నిండు బ్యాటరీ 12 దాటే ఉంటుంది. ఎంత చార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ చనిపోయిందని అర్థం, దానికి మందు లేదు.

రెండు, సెల్ఫ్ నొక్కి ఉంచినప్పుడు ఎంతకు పడుతోందో. 10 పైన ఉంటే సంతోషం. 9.5 కిందకి పోతే బ్యాటరీ నీరసించినట్టు, లేదా చార్జ్ లేనట్టు. ఈ రెండూ ఒకటి కావు.

మూడు, ఇంజిన్ తిరుగుతుండగా. హెడ్‌లైట్ వేసి 4000 ఆర్‌పీఎం దగ్గర 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి.

ఈ మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి.

వర్క్‌షాప్_మామ

పైన చెప్పింది అక్షరాలా నిజం. ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. "బ్యాటరీ పోయింది" అని వచ్చిన బండ్లలో నిజంగా బ్యాటరీ తప్పున్నవి కొన్నే. కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ కాలిపోయి కొన్ని, బ్యాటరీకి వెళ్లే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కప్లర్ (వైర్లు కలిసే చోటు) మాడిపోయి కొన్ని, ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టి కొన్ని, టెర్మినల్ వదులై మరికొన్ని. బ్యాటరీ మారిస్తే అన్నీ కొన్నాళ్లు నయమైనట్టే ఉంటాయి, ఎందుకంటే కొత్తదాంట్లో నిండుగా చార్జ్ ఉంటుంది. అది అయిపోగానే మళ్లీ మొదటికే.

బాబూ, ఒక పని చెయ్యి. మీటరు దొరికేలోపు సీటు తీసి రెండు టెర్మినల్సూ చేత్తో కదిపి చూడు. కదిలితే బోల్టు బిగించు. తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుందేమో చూడు. నెగటివ్ వైరు ఇంజిన్‌కో చాసిస్‌కో ఎక్కడ కలుస్తుందో వెతికి ఆ బోల్టు కూడా చూడు. అక్కడిదాకా ఎవరూ పోరు.

కొత్తరైడర్

అన్నా, ఇంత అవసరమా? రోజూ పది నిమిషాలు స్టార్ట్ చేసి నిలబెడితే చార్జ్ అవుతుంది కదా. మా ఇంట్లో అందరం అలాగే చేస్తాం.

కొలిచిచూడు

తమ్ముడూ, అది సాయం కన్నా చేటే ఎక్కువ చేస్తుంది. సెల్ఫ్ మోటారు ఆ రెండు మూడు సెకన్లలో పదుల ఆంపియర్లు లాగేస్తుంది. ఐడిల్‌లో కాయిల్ ఇచ్చేదే తక్కువ, అందులో హెడ్‌లైటు, ఇంధన పంపు, ఇగ్నిషన్ తమ వాటా తీసుకోగా బ్యాటరీకి మిగిలేది కొంచెం. పైగా ఇంజిన్ సరిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో నీరు చేరుతుంది, ఆయిల్ పాడవుతుంది. అరగంట రోడ్డు మీద నడిపితే లాభం. కుదరకపోతే చార్జర్ పెట్టడం మేలు.

పాతకిక్కర్

ఇక్కడ నా మాట కూడా. నాది పాత బండి, మూతలు తీసి నీళ్లు పోసే బ్యాటరీ. కిక్ ఉంది కాబట్టి బ్యాటరీని పట్టించుకోని రోజులు చాలా ఉన్నాయి. ఒక ఎండాకాలంలో నీటిమట్టం కింది గీతకు కూడా దిగిపోయింది, ప్లేట్ల పైభాగం గాలికి ఎండిపోయింది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా అది కోలుకోలేదు. అప్పటినుంచి నెలకోసారి చూస్తాను. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, పై గీత దాటకుండా. కుళాయి నీళ్లలోని ఖనిజాలు ప్లేట్లను పాడుచేస్తాయి. ఆవిరయ్యేది నీరే కాబట్టి యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు. పక్కన సన్నటి గాలి గొట్టం ఉంటుంది, అది మడతపడకుండా, కొస చైన్ మీదకీ సైలెన్సర్ మీదకీ రాకుండా చూసుకోవాలి. నా చైన్ ఒకచోట యాసిడ్ పడి తుప్పు పట్టాక తెలిసింది ఆ గొట్టం విలువ.

హైడ్రోమీటర్, అంటే యాసిడ్ సాంద్రత కొలిచే పరికరం, ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. నిండుగా చార్జ్ అయిన సెల్‌లో సాంద్రత 1.265 నుంచి 1.280 మధ్య ఉంటుంది. ఆరింటిలో ఐదు బాగుండి ఒక్కటి బాగా తక్కువ చూపితే ఆ ఒక్కటే మొత్తాన్ని ముంచుతుంది.

ఆదివారం_సవారీ

మీటరు తెచ్చాను. ముందు టెర్మినల్స్ చూశాను మామ గారూ, రెండూ గట్టిగానే ఉన్నాయి, పొడి లేదు. ఎర్త్ బోల్టు దగ్గర కొద్దిగా తుప్పు ఉంటే గరుకు కాగితంతో రుద్ది బిగించాను.

అంకెలు ఇవి. ఏడు రోజులు ఆగి ఉన్న బండి, తాళం తిప్పకముందు 12.08. సెల్ఫ్ నొక్కితే 8.7కి పడింది, తిరగలేదు. తోసి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో 13.6, 4000 దగ్గర 14.3, లైటు వేసే చూశాను.

ఇప్పుడు బ్యాటరీ పోయినట్టేనా?

కొలిచిచూడు

ఇంకా తీర్పు చెప్పలేం. 14.3 అంటే మీ కాయిలూ రెగ్యులేటరూ శుభ్రంగా ఉన్నాయి, ఆ దిగులు లేదు. 12.08తో ఉన్న బ్యాటరీని సెల్ఫ్‌కి పరీక్షించడం, ఆకలితో ఉన్నవాణ్ని బరువు ఎత్తమన్నట్టే. ముందు నిండా చార్జ్ చేయండి. కారు చార్జర్ వద్దు. సామర్థ్యంలో పదోవంతు కరెంటు ఇచ్చేది కావాలి, మీ 8 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 0.8 ఆంపియర్. రాత్రంతా పెట్టండి. తీశాక కనీసం నాలుగైదు గంటలు వదిలేసి అప్పుడు కొలవండి. వెంటనే కొలిస్తే పైపై చార్జ్ వల్ల అంకె గొప్పగా కనిపించి మోసం చేస్తుంది.

చార్జ్ చేసేటప్పుడు గాలి ఆడే చోట పెట్టండి. హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది నాలుగు శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. క్లిప్పులు పెట్టాకే చార్జర్ స్విచ్ వేయాలి, ఆపాకే క్లిప్పులు తీయాలి.

దూరపుబాట

బ్యాటరీ బయటికి తీయడం మీకు మొదటిసారా? అయితే నేను నేర్చుకున్నది చెప్తాను, ఉపయోగపడుతుంది.

తాళం తీసేయాలి. మొదట నెగటివ్, అంటే నలుపు, తర్వాత ఎరుపు. బిగించేటప్పుడు తిరగేసి, మొదట ఎరుపు, చివర నలుపు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు, తర్వాత అర్థమైంది. చాసిస్ మొత్తం నెగటివ్‌కి కలిసి ఉంటుంది. నలుపు ఉండగా ఎరుపు విప్పితే స్పానర్ పొరపాటున చాసిస్‌కి తగిలిందంటే నేరుగా షార్ట్. నలుపు ముందే విప్పేస్తే స్పానర్ ఎక్కడ తగిలినా ఏమీ కాదు. చేతికి ఉంగరం, లోహపు గొలుసు ఉంటే తీసేయండి.

ఇంకొకటి. టెర్మినల్ లోపల చిన్న చదరపు నట్టు వదులుగా ఉంటుంది. బోల్టు తీయగానే అది కిందకి జారుతుంది, తిరిగి బిగించేటప్పుడు బోల్టుకి అందదు. ఆ నట్టు ఎక్కడో ఇంజిన్ సందులో పడిపోతే గంట వెతకాలి. నట్టు కింద చిన్న స్పాంజి ముక్క దూరిస్తే అది పైకి లేచి నిలబడుతుంది, బోల్టు సులువుగా ఎక్కుతుంది. అమ్మాయివి నీకెందుకు ఈ పనులన్న వాళ్ల బండ్లకి కూడా ఆ స్పాంజి ముక్క నేనే పెట్టి ఇచ్చాను.

నల్లగుర్రం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ బ్యాటరీ గొడవే. నాకు సెల్ఫ్ బాగానే ఉంది. కానీ ఏడాదిలో హెడ్‌లైట్ బల్బు మూడుసార్లు పోయింది. నిన్న సీటు తీస్తే సీల్డ్ బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి, పట్టుకుంటే వేడిగా ఉంది. ఈ చర్చ చూసి కొలిచాను. 4000 దగ్గర 15.6 చూపుతోంది. ఇది మంచిదేనా, ఎక్కువ చార్జ్ అవుతోందనా?

వర్క్‌షాప్_మామ

బాబూ, బండి తియ్యకు. 15 దాటితే బ్యాటరీ లోపల ఉడుకుతున్నట్టే. రెగ్యులేటర్ పని చేయడం లేదు. బల్బులు పోయినందుకు సంతోషించు, మీటరూ, ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ ఈసీయూ పోకముందే తెలిసింది. కొన్ని బండ్లలో రెగ్యులేటర్ తన ఎర్త్ ద్వారా, లేదా ప్రత్యేకంగా ఒక వైరు ద్వారా బ్యాటరీ వోల్టేజీని చూసుకుంటుంది. ఆ వైరు తెగినా, ఎర్త్ సరిగా లేకపోయినా తక్కువ ఉందనుకుని ఇంకా పంపుతూనే ఉంటుంది. కాబట్టి కప్లర్ విప్పి పిన్నులు మాడాయేమో, ఎర్త్ శుభ్రంగా ఉందో లేదో చూసి, అప్పుడు రెగ్యులేటర్ మార్చు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం తిరిగి వాడకు, చార్జర్‌కి కూడా పెట్టకు. రెగ్యులేటర్ మార్చకుండా కొత్త బ్యాటరీ వేశావో, దాన్నీ చంపేస్తావు.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఇంజిన్ ఆగలేదు కాబట్టి చార్జింగ్ బాగుంది" అని చూసేవాళ్లు ఉన్నారు. పాత బండ్ల కాలపు అలవాటు అది. ఇప్పటి బండ్లలో అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి ఈసీయూ కాలిపోవచ్చు. ఎవరు చెప్పినా చెయ్యొద్దు.

ఆదివారం_సవారీ

రాత్రంతా చార్జ్ చేశాను. మధ్యాహ్నానికి 12.78. బిగించి సెల్ఫ్ నొక్కితే 10.6కి పడింది, ఒక్క నొక్కుకే స్టార్ట్ అయింది. దూరపుబాట గారూ, స్పాంజి ముక్కకి చాలా చాలా కృతజ్ఞతలు.

అంటే బ్యాటరీ బాగుంది, చార్జింగ్ బాగుంది. మరి వారంలో 12.08కి ఎలా దిగింది?

కొలిచిచూడు

ఇప్పుడు సరైన ప్రశ్న దగ్గరికి వచ్చాం. ఆరోగ్యంగా ఉన్న ఏజీఎం బ్యాటరీ తనంతట తాను నెలకు కొద్ది శాతమే దిగుతుంది. వారంలో పావుకి వచ్చిందంటే తాళం తీశాక కూడా ఏదో కరెంటు తాగుతోంది.

ఇలా పట్టుకోండి. తాళం ఆఫ్. నెగటివ్ వైరు విప్పండి. మీటరు ఎరుపు తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ముల్లు కూడా డీసీ 10 ఆంపియర్ల మీద పెట్టండి. ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి విప్పిన వైరుకి. ఇప్పుడు పారే కరెంటంతా మీటరు గుండానే పోతుంది. అంకె చాలా చిన్నగా ఉంటేనే మిల్లీఆంపియర్ల మీదకి మార్చండి. ఈ స్థితిలో తాళం తిప్పకూడదు, సెల్ఫ్ అసలే నొక్కకూడదు, మీటరు ఫ్యూజ్ పోతుంది. గడియారం, ఈసీయూ జ్ఞాపకం కోసం ఒకటి రెండు మిల్లీఆంపియర్లు పోవడం మామూలే.

పని అయ్యాక ఎరుపు తీగను వెంటనే వోల్టుల రంధ్రంలోకి మార్చేయండి. ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి తర్వాత వోల్టులు కొలవబోతే అది నేరుగా షార్ట్ చేసినట్టే.

ఆదివారం_సవారీ

26 మిల్లీఆంపియర్లు. ఇంతేనా? దీంతో బ్యాటరీ దిగుతుందా?

కొలిచిచూడు

లెక్క వేద్దాం. 26ని 24 గంటలతో గుణిస్తే రోజుకు 624 మిల్లీఆంపియర్ అవర్లు. ఏడు రోజులకు దాదాపు 4.4 ఆంపియర్ అవర్లు. మీ బ్యాటరీ మొత్తం 8. సగానికి పైగా ఆవిరి. ఆదివారం మీరు తిప్పే ఆ కాసేపట్లో అది పూర్తిగా నిండదు, వచ్చే వారం ఇంకా కింద నుంచి మొదలు. అందుకే 12.08.

అసలు నష్టం సెల్ఫ్ పడకపోవడం కూడా కాదు. దిగిపోయిన స్థితిలో సీసపు బ్యాటరీని రోజుల తరబడి ఉంచితే ప్లేట్ల మీద ఏర్పడే లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. అది మళ్లీ కరగదు, ఆ మేరకు సామర్థ్యం శాశ్వతంగా పోయినట్టే. మీ రెండో బ్యాటరీ పది నెలల్లో పోయింది దీనివల్లే అని నా అభిప్రాయం.

మీటరు అలాగే ఉంచి ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకండి. దేన్ని తీస్తే అంకె పడిపోతుందో అక్కడ దొంగ ఉన్నట్టు.

ఆదివారం_సవారీ

అన్నీ పీకాను. మెయిన్ ఫ్యూజ్ కూడా. 26 లో నుంచి 25కి వచ్చిందంతే.

వర్క్‌షాప్_మామ

అయితే ఫ్యూజ్ పెట్టెతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ మీద కూర్చున్నది ఏదో ఉంది. పాజిటివ్ టెర్మినల్ మీద ఎన్ని వైర్లు ఉన్నాయి చూడు బాబూ. మొదటి బ్యాటరీ పోవడానికి కొంచెం ముందు బండికి ఏం పెట్టించావు? హారనా, ఫాగ్ లైట్లా, ట్రాకరా?

ఆదివారం_సవారీ

మామ గారూ, లావు ఎరుపు వైరుతో పాటు సన్నటి ఎరుపు వైరు ఒకటి ఉంది. దూరప్రయాణానికి వెళ్లేముందు హ్యాండిల్ మీద ఫోన్ చార్జింగ్ సాకెట్ పెట్టించాను. ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. అందులో వోల్టులు చూపే చిన్న నీలం అంకెలు ఉన్నాయి, రబ్బరు మూత వేసి ఉంచుతాను కాబట్టి కనిపించవు. ఇప్పుడు రాత్రి మూత తీసి చూశాను. తాళం నా జేబులో ఉంది, అది వెలుగుతూనే ఉంది.

ఆ వైరు పీకాను. మీటరు 1 మిల్లీఆంపియర్ చూపింది.

నాలుగున్నరేళ్లు వచ్చిన మొదటిది కూడా సాకెట్ పెట్టాకే పోయింది. ఇన్నాళ్లూ బ్యాటరీలను అనుమానించాను.

దూరపుబాట

ఎంత హాయిగా ఉందో ఇది చదువుతుంటే! సాకెట్ తీసేయక్కర్లేదు. రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, ఒకటి పెట్టించి, దాని కాయిల్‌ని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకి, ఉదాహరణకి వెనక దీపం వైరుకి, కలిపితే చాలు. సాకెట్‌కి కరెంటు బ్యాటరీ నుంచే వస్తుంది, కానీ తాళం తీయగానే తెగిపోతుంది. బ్యాటరీ దగ్గర ఆ వైరుకి ఫ్యూజ్ తప్పనిసరి.

తేలికబండి

ఇంత కష్టం ఎందుకు, లిథియం వేసేయండి. నాది మూడేళ్లుగా ఉంది, బరువు మూడోవంతు కూడా లేదు, నెలల తరబడి ఆపినా దిగదు.

కొలిచిచూడు

లిథియం మంచిదే, కాదనను. కానీ ఆ 26 మిల్లీఆంపియర్ల దొంగ ఉండగా వేసి ఉంటే ఇంకా త్వరగా పోయేది. మోటారుసైకిల్ లిథియం బ్యాటరీల అసలు ఆంపియర్ అవర్లు సీసపు వాటికంటే చాలాసార్లు తక్కువే, పూర్తిగా ఖాళీ అయితే కోలుకోవడం కష్టం. నల్లగుర్రం గారి లాంటి 15.6 వోల్టుల బండిలో వేస్తే ప్రమాదం కూడా. సల్ఫేట్ తీసే మోడ్ ఉన్న పాత చార్జర్ లిథియానికి వాడకూడదు. బాగా చల్లటి ఉదయాల్లో మొదటి నొక్కుకి బద్ధకిస్తుంది, హెడ్‌లైట్ ఓ నిమిషం వేసి ఉంచితే లోపల వేడెక్కి అప్పుడు లాగుతుంది. చార్జింగ్ వ్యవస్థ బాగుందని కొలిచి తెలుసుకున్నవాళ్లు వేసుకోవచ్చు.

కొత్తరైడర్

నేను కూడా పరీక్షల కోసం బండి మూడు నెలలు ఆపేస్తున్నా. బ్యాటరీ నంబర్లలో 5, 7, 9 అంటే ఆంపియర్లేనా? కొత్తది కొనాల్సి వస్తే ఏం చూడాలి?

వర్క్‌షాప్_మామ

అచ్చంగా కాదు నాయనా. వైటీఎక్స్5ఎల్-బీఎస్ అంటే 4 ఆంపియర్ అవర్, వైటీఎక్స్7ఎల్-బీఎస్ అంటే 6, ఈ అబ్బాయి 9 అంటే 8. పక్కనే అసలు అంకె అచ్చేసి ఉంటుంది, అది చూడు. ఆ ఎల్ అక్షరం పాజిటివ్ ఏ వైపు ఉందో చెబుతుంది. ఎల్ ఉన్నదానికీ లేనిదానికీ టెర్మినల్స్ తారుమారు, వైర్లు అందవు. లాగి బిగించబోయి తిరగేసి కలిపావంటే ఫ్యూజ్‌తో పోతే అదృష్టం, రెగ్యులేటర్ కూడా పోవచ్చు. బీఎస్ అంటే యాసిడ్ సీసాలో విడిగా వస్తుంది. పోశాక అరగంటైనా నాననివ్వాలి, ఆ తర్వాత నెమ్మదిగా తొలి చార్జింగ్ చేసి అప్పుడే బండికి బిగించాలి. పోసిన వెంటనే బిగించి పంపిస్తానంటే ఒప్పుకోకు. అక్కడ తొందరపడితే దాని నిండు సామర్థ్యం ఎప్పటికీ రాదు. తయారైన తేదీ చూడు. పాత బ్యాటరీ చెత్తలో పడేయకు, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి, కొన్నచోటే తిరిగి ఇచ్చెయ్యి.

మూడు నెలలు ఆపేటప్పుడు, నిండా చార్జ్ చేసి, నెగటివ్ విప్పి, చల్లటి పొడి చోట పెట్టు. వేడి ఎక్కువైతే తనంతట తానే దిగడం కూడా ఎక్కువవుతుంది. నెలకోసారి కొలిచి 12.5 కిందకి వస్తే మళ్లీ చార్జ్ చెయ్యి. టెర్మినల్స్ మీద పొడి ఉంటే వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పాత బ్రష్షుతో రుద్ది, తుడిచి, బాగా ఆరాక బిగించి పైన వ్యాజలీన్ రాయి. మూతలున్న బ్యాటరీ అయితే ఆ సోడా నీళ్లు చుక్క కూడా లోపలికి పోకూడదు.

నల్లగుర్రం

మామ గారు చెప్పినట్టే కప్లర్ విప్పాను. ఒక పిన్ను నల్లబడి ప్లాస్టిక్ కరిగింది. కొత్త కప్లర్, కొత్త రెగ్యులేటర్, ఆ తర్వాతే కొత్త బ్యాటరీ. ఇప్పుడు 4000 దగ్గర 14.2. ఉబ్బిన బ్యాటరీ దుకాణంలో తిరిగి ఇచ్చేశాను.

ఆదివారం_సవారీ

రిలే పెట్టించి నాలుగు వారాలైంది. నాలుగు ఆదివారాలూ తాళం తిప్పకముందు కొలిచి రాసిపెట్టాను. 12.74, 12.71, 12.73, 12.72. సెల్ఫ్ నొక్కితే 10.4 కిందకి ఒక్కసారి కూడా పడలేదు. మొదటి నొక్కుకే లేస్తోంది. నాలుగో బ్యాటరీ కొనలేదు.